చప్పుడు చెయ్యని మోటారు

జూన్ 3, మంగళవారం

కారు యాంటెన్నా ఇరుక్కుపోయింది. జానెడు పైకొచ్చి అక్కడే నిలబడిపోయింది. రేడియో వేస్తే పైకి పోదు, ఆపితే లోపలికి దిగదు. ఇరవై రెండేళ్ళుగా ఈ ఇంట్లో నా మాట జవదాటని వస్తువు అదొక్కటే. ఇవాళ్టితో అదీ అయిపోయింది.

రాసుకోవలసిన అసలు సంగతి వేరే ఉంది గానీ, ముందు ఇదే రాయాలనిపించింది.

అసలు సంగతి ఇది. అమ్మాయి ఆఫీసువాళ్ళ ట్రైనింగుకి వెళ్ళింది, నెలాఖరుదాకా రాదు. వాళ్ళ ఫ్లాటులో గోడలు నీరు కారుతున్నాయని నేలంతా తవ్విపోశారు. అందుకని అల్లుడూ మనవరాలూ పెట్టెలతో సహా నా దగ్గర దిగారు. మనవరాలికి ఐదేళ్ళు. ఆవగింజంత ఉంటుందని అది పుట్టిన రోజునుంచీ నేను గింజ అనే పిలుస్తున్నాను. వచ్చే నెల బడిలో వేశాక, బడి వదిలినప్పటినుంచి సాయంత్రం దాకా పిల్లని నా దగ్గర ఉంచుతారట, అది నాతో కలిసిపోతే. కలవకపోతే పిల్లల్ని చూసుకునే సెంటరు ఎలాగూ ఉందట. "ఇదేం పరీక్ష కాదమ్మా" అని కూడా అంది అమ్మాయి. పరీక్ష కానిదాని గురించి ఎవరైనా అలా చెబుతారా?

నాకు ఆ పిల్ల కావాలి. ఎవరికీ చెప్పను, ఇక్కడ రాసుకుంటున్నాను అంతే. ఇల్లు చాలా ఖాళీగా ఉంది.

జూన్ 4, బుధవారం

ఫ్యూజు చూశాను. బాగానే ఉంది. తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాను.

ఈ కారు ఒకప్పుడు మా టెలిఫోన్ ఎక్స్ఛేంజి ఇంజనీరుది. ఆయన ఊరు మారుతూ అమ్మేస్తానంటే, ఎవరినీ అడగకుండా నేను కొనేశాను. రెండే సీట్లు, నేల మీద పాకుతున్నట్టు వెళ్తుంది. ఆయన, అంటే మా ఆయన, బతికున్నన్నాళ్ళూ పక్కసీట్లో కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. ఎరుపు రంగు వెలిసి ఇప్పుడు పండు మిరపకాయ ఎండినట్టయింది. అయినా రేడియో వెయ్యగానే వెనక చక్రం మీది రేకులోంచి ఆ కడ్డీ బుద్ధిగా లేచి నిలబడుతుంటే నా మనసు కూడా దానితో పాటు లేచేది. అరవై ఏడేళ్ళు వచ్చాక మనసు లేవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

ముప్పై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేశాను. హలో అన్న ఒక్క మాటలో, అవతలి మనిషికి జలుబు చేసిందో, పెళ్ళాంతో గొడవైందో చెప్పేదాన్ని. లైను పాడైతే ఇంజనీర్లు పెట్టెలు మోసుకొచ్చేలోపు నేను చెవి పెట్టి తేల్చేసేదాన్ని. చప్పుడుంటే లైనుకి ప్రాణం ఉన్నట్టు, లేకపోతే చచ్చినట్టు. ఇంతకన్నా పెద్ద శాస్త్రం ఏమీ లేదు.

అదే చేశాను. షెడ్డు తలుపులు మూసి, కార్లో కూర్చుని, రేడియో శబ్దం పూర్తిగా తగ్గించి, మీట నొక్కి విన్నాను. మళ్ళీ నొక్కి విన్నాను. వెనకనుంచి చిన్న చప్పుడు కూడా లేదు. మోటారు పోయింది. తేలిపోయింది.

సాయంత్రం అల్లుడు వచ్చి తను చూస్తానన్నాడు, కరెంటు ఉందో లేదో పరీక్షించే దీపం ఉందిట. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. మంచివాడే గానీ మాటలన్నీ మీసాల్లో దాచుకుంటాడు. ఒక్కొక్కటీ రెండుసార్లు అడిగి బయటికి లాగాలి. మీరు ఎత్తుల్లో తిరిగే మనిషి, నా కారు నేలబారుది, మీకెందుకు శ్రమ అన్నాను. నవ్వి లోపలికి వెళ్ళాడు.

గింజదీ వాళ్ళ నాన్న పోలికే. నా ఎదురుగా వచ్చి నిలబడుతుంది, పెదాలు కదుపుతుంది, కాసేపు చూస్తుంది, వెళ్ళిపోతుంది.

జూన్ 5, గురువారం

గింజ ఇవాళ నాతో మూడుసార్లు మాట్లాడింది. మూడుసార్లూ "ఊ".

జూన్ 7, శనివారం

పాత కార్ల సామాన్లు అమ్మే ఆయన మోటారు పంపించాడు. పెద్దాయనే, ఊళ్ళో ఉన్న పాత కార్లన్నిటికీ చుట్టంలాంటివాడు. తీసి చూస్తే అచ్చం నా కారుదే.

పొద్దున్నే మొదలుపెట్టాను. ముందు బ్యాటరీ వైరు ఊడదీశాను. డిక్కీలో పక్కన అట్ట తొలగించాను. దాని బొత్తాల్లో రెండు విరిగాయి, ఆ సంగతి నాకూ కారుకీ మాత్రమే తెలుసు. రెండు బోల్టులు, మూడు వైర్లు, వాన నీళ్ళు బయటికి పోయే చిన్న రబ్బరు గొట్టం. చెప్పుకుంటే ఇంతే. చెయ్యాలంటే మాత్రం మనిషి సగం డిక్కీలో పడుకోవాలి. నా కాళ్ళు బయట వేలాడుతుంటే పక్కింటావిడ గోడ మీంచి చూసి ఏదో అంది. ఏమిటని అడిగితే మళ్ళీ అంది. మూడోసారి అర్థమైంది, ఎవరినైనా పిలవమంటారా అని. పడిపోలేదమ్మా, పనిలో ఉన్నాను అన్నాను. ఈ మధ్య ఎవరికీ నోరు తెరిచి మాట్లాడే ఓపిక లేదు. టీవీలో వార్తలవాళ్ళు కూడా జీతం తీసుకుని గొణుగుతున్నారు.

నడుము పట్టేసింది. గోళ్ళనిండా మడ్డి. ఇంత సంతోషంగా ఉండి ఎన్నాళ్ళయిందో.

రేపు పొద్దున్న రేడియో వేస్తాను. గింజని పక్కన కూర్చోబెట్టుకుంటాను.

జూన్ 8, ఆదివారం

పాడు మోటారు. చచ్చిన మోటారు.

గింజ అద్దంలోంచి వెనక్కి చూసింది, నన్ను చూసింది, ఏదో చెప్పబోయి మానేసింది. నా మొహం అలా ఉందేమో.

పెద్దాయనకి ఫోను చేసి ఏకిపారేశాను. ఫోనులో ఎలా తిట్టాలో నాకు ఒకరు నేర్పక్కర్లేదు. ఆ బొంగురు గొంతుతో, తన చేత్తో తిప్పి చూసి పంపానని ఒకటే మాట. అంటే నేను అబద్ధమాడుతున్నానా? ఇంకోటి పంపిస్తానన్నాడు.

జూన్ 10, మంగళవారం

రెండోదీ చచ్చిందే. బిగించడానికి ఈసారి గంటన్నరే పట్టింది, అది వేరే సంగతి. పెద్దాయన పచ్చి మోసగాడు. ఊళ్ళో పాత కార్లన్నిటికీ చుట్టం ఎందుకయ్యాడో ఇప్పుడు తెలిసింది.

జూన్ 12, గురువారం

ఇవాళ ఏమీ జరగలేదు. బాత్‌రూం గడియ మార్పించాలి.

జూన్ 13, శుక్రవారం

నిన్నటి సంగతి రాయకూడదనుకున్నాను.

గింజ బాత్‌రూంలోకి వెళ్ళి గడియ వేసుకుంది. అది బిగుసుకుపోయింది. నేను వంటింట్లో కూరగాయలు తరుగుతున్నాను. పిల్ల ఎక్కడో ఆడుకుంటోందనే అనుకున్నాను. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన అల్లుడు గేటు దగ్గరనుంచే పరుగెత్తుకొచ్చాడు. నన్ను దాటుకుని వెళ్ళి, భుజంతో ఒక్క తోపు తోసి గడియ ఊడగొట్టాడు. పిల్ల ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళు పెడుతోంది. చొక్కా తడిసిపోయింది.

గట్టిగా పిలవాలి కదే అన్నాను. నా మొహంలోకి చూసి, "పిలిచానమ్మమ్మా" అంది. ఆ మాట మాత్రం బాగా తెలిసింది.

పంపు తిప్పి ఉంది. ఫ్యాను తిరుగుతోంది. కిటికీ బయట రోడ్డు. ఎవరికి మాత్రం ఎలా వినపడుతుంది?

సాయంత్రం అల్లుడు నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సెంటరువాళ్ళు ఒక చోటు ఖాళీ పెట్టి ఉంచుతామన్నారట, నెలాఖరుకి చెబితే చాలట. నాకు శ్రమ అవుతుందేమోనని అమ్మాయి కూడా అనుకుంటోందట. ఎంత మర్యాదగా చెప్పాడంటే, కోప్పడడానికి కూడా నాకు సందు దొరకలేదు. సరే మీ ఇష్టం అని షెడ్డులోకి వెళ్ళి, బాగానే ఉన్న దీపాల గాజులు తుడుస్తూ కూర్చున్నాను.

జూన్ 15, ఆదివారం

ఇవాళ్టిది వివరంగా రాయాలి.

పెద్దాయన మోసం సాక్షుల ముందు తేల్చాలనుకున్నాను. కార్లో ఉన్న మోటారు కూడా ఊడదీసి, మూడింటినీ బల్ల మీద పాత పేపర్లు పరిచి వరసగా పెట్టాను. ఒకటి నా పాతది, రెండు ఆయన పంపినవి. కారు బ్యాటరీ పక్కన పెట్టి రెండు వైర్లు తగిలించాను. అల్లుణ్ణి సాక్షిగా పిలిచాను. గింజ దానంతటదే వచ్చి స్టూలెక్కి కూర్చుంది.

మొదటి మోటారుకి వైరు ఆనించాను. చూశారా, చప్పుడే లేదు అన్నాను.

అల్లుడు మోటారుని చూడడం లేదు. నన్ను చూస్తున్నాడు. గింజ రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుని, కళ్ళు చిట్లించుకుని కూర్చుంది.

వైరు తీశాను. గింజ చేతులు దించింది. మళ్ళీ ఆనించాను. చేతులు చెవుల మీదికి వెళ్ళాయి. తీశాను, దించింది. అలా నాలుగుసార్లు చేశాను. ఆట అనుకుందేమో, నాలుగోసారి నవ్వింది.

అప్పుడు మోటారు మీద చెయ్యి పెట్టాను. చేతిలో పట్టుకున్న పావురంలా దడదడలాడుతోంది. రెండోదీ అంతే. నా పాతదీ అంతే. మూడూ నిక్షేపంలా ఉన్నాయి.

ఇన్ని రోజులూ చెయ్యి ఎందుకు పెట్టలేదంటే, మీట ముందుంటుంది, మోటారు వెనక డిక్కీలో ఉంటుంది. మీట నొక్కాక అది పది సెకన్లు తిరిగి ఆగిపోతుంది. ఆ పది సెకన్లలో ఈ మోకాళ్ళతో ఆ నేలబారు సీట్లోంచి లేచి వెనక్కి రావడం నా వల్ల అయ్యే పని కాదు. ఇంకొకళ్ళని పిలిచి ఉంటే మొదటి రోజే తేలిపోయేది. పిలవలేదు. నా చెవులుండగా ఇంకొకళ్ళెందుకు అనుకున్నాను.

అల్లుడు నా ఎదురుగా వచ్చి, నిదానంగా, ఒక్కొక్క మాటా విడిగా అన్నాడు. "అత్తయ్యగారూ, మోటారు చాలా గట్టిగా అరుస్తోంది."

ఎంత గట్టిగా అని అడిగాను. గేటు దాకా వినపడుతుందన్నాడు.

గేటు అనగానే, గురువారం అల్లుడు గేటు దగ్గరనుంచే పరుగెత్తుకు రావడం గుర్తొచ్చింది. స్టూలు దగ్గరకు వెళ్ళి, మొన్న బాత్‌రూంలోంచి నన్ను ఎన్నిసార్లు పిలిచావు తల్లీ అని గింజని అడిగాను. అది పదివేళ్ళూ చూపించింది. మూసి, మళ్ళీ పదివేళ్ళూ చూపించింది. ఇంకా మూసి తెరవబోతుంటే చేతులు పట్టుకున్నాను.

జూన్ 16, సోమవారం

పంపు తిప్పి లేదు. ఫ్యాను ఉంది గానీ పంపు లేదు. ఇక్కడ కూడా అబద్ధం రాస్తే ఇంక నిజం ఎక్కడ రాస్తాను?

ఎంతకాలం నుంచో కూడా తెలియదు. అమ్మాయి రెండేళ్ళ క్రితం ఒకసారి, అమ్మా ఒకసారి డాక్టరుకి చూపించుకో అంది. నువ్వు గొణగడం మాను, డాక్టరెందుకు అన్నాను.

జూన్ 17, మంగళవారం

పెద్దాయనకి ఫోను చేశాను. తిట్టడానికి ఐదు నిమిషాలు పట్టింది, క్షమించమనడానికి అరగంట. మోటార్లు మంచివే, నా చెవులే మంచివి కావు అని చెప్పేశాను. బయటివాళ్ళలో మొదట ఆయనకే చెప్పాను. చెప్పాక చాలా తేలికైపోయింది.

ఆయన ఏమీ అనుకోలేదు. నేను తిట్టిన రోజు వాళ్ళావిడని పిలిచి మరీ ఫోను గట్టిగా పెట్టి వినిపించాడట. ఇంత స్పష్టంగా తిట్టేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారమ్మా అందిట ఆవిడ. నా జన్మలో ఇంత పెద్ద మెచ్చుకోలు రాలేదు.

జబ్బు ఏమిటో కూడా ఆయనే చెప్పాడు. మోటారు అరుస్తూ కడ్డీ కదలకపోతే లోపలి నైలాన్ తాడు తెగినట్టేనట. ఆ తాడుకి ఒకవైపు రంపంలా పళ్ళుంటాయి, మోటారు చక్రం ఆ పళ్ళని పట్టుకునే కడ్డీని పైకి తోస్తుంది, కిందికి లాగుతుంది. మోటారు చప్పుడు విన్నవాడెవడైనా ముందు తాడే చూస్తాడమ్మా అన్నాడు. తాడుతో సహా కొత్త కడ్డీ వెతికి పంపిస్తానన్నాడు.

జూన్ 18, బుధవారం

చెవుల పరీక్ష.

అల్లుడు సెలవు పెట్టి తీసుకెళ్ళాడు. గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి, పరీక్ష చేసే అమ్మాయి నా తలకి హెడ్‌ఫోన్లు తగిలించింది. ఎన్నేళ్ళయింది అవి తలకెక్కి! వెన్ను దానంతటదే నిటారైంది. కొంచెముంటే నంబర్ ప్లీజ్ అనేదాన్ని.

కూత వినపడినప్పుడల్లా బొత్తాం నొక్కాలట. మొదటి నాలుగూ బాగా వినపడ్డాయి. తర్వాత ఏమీ రావడం లేదు. కానీ కిటికీ అవతల ఆ అమ్మాయి మీట తిప్పినప్పుడల్లా భుజం కొంచెం లేస్తోంది. భుజం లేవగానే నొక్కేశాను. ఒక్కటి తప్పలేదు. ఆపరేటరు బుర్ర మరి.

ఆ అమ్మాయి కాగితం చూసి, నన్ను చూసి, లోపలికొచ్చి, నా కుర్చీని గోడవైపు తిప్పేసి వెళ్ళింది. తర్వాత చాలాసేపు గోడని చూస్తూ కూర్చున్నాను. బొత్తాం నొక్కవలసిన పని పెద్దగా పడలేదు.

బొంగురు గొంతులు కొంచెం అందుతాయట. సన్నటివన్నీ పోయాయట. పిట్టలు, ఈలలు, పిల్లలు. పిల్లలు అన్నప్పుడు నేను కిటికీలోంచి అల్లుడివైపు చూశాను. తల దించుకుని తన బూట్లు చూసుకుంటున్నాడు.

వారంలో చెవి మిషన్లు వస్తాయి. రెండు.

జూన్ 21, శనివారం

పెద్దాయన చెప్పినట్టే ఉంది. కడ్డీ మొదట్లో ఉన్న నట్టు విప్పి లాగితే, నా యాంటెన్నా మూరెడు కడ్డీతో, బెత్తెడు తెగిన తాడుతో చేతిలోకి వచ్చేసింది. నా పాత మోటారు మూత విప్పితే, మిగతా తాడంతా చక్రం చుట్టూ ముక్కలైపోయి ఉంది. నేనూ అల్లుడూ పొద్దుటినుంచి చిన్న పట్టకార్లతో ముక్కలు ఏరాం. నేను పదిహేడు, అతను పద్నాలుగు. పందెమేమీ లేదు గానీ లెక్క మాత్రం ఇద్దరం పెట్టుకున్నాం. మోటారుని మళ్ళీ కార్లో బిగించాం.

నా ఎదురుగా కూర్చుని మొహం చూస్తూ మాట్లాడితే అతని మాటలు చాలామటుకు తెలుస్తున్నాయి. చాలా హాస్యగాడు. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో నేనొక్క హాస్యమూ వినలేదంటే పాపం ఎన్ని వృథా చేశాడో.

జూన్ 24, మంగళవారం

మిషన్లు పెట్టారు.

ఈ పెన్ను ఇంత గోల చేస్తుందా? రాస్తున్నంతసేపూ కాగితం మీద ఎలుక గీరుతున్నట్టుంది. మూడుసార్లు ఆపి చూసుకున్నాను. ఫ్రిజ్ మూలుగుతోంది. నా చెప్పులు నా వెనకే నడుస్తున్నాయి. పక్కింటావిడ నిజానికి గావుకేక మనిషి. అల్లుడు లేచినప్పటినుంచీ ఏదో ఒక పాట కూనిరాగం తీస్తూనే ఉంటాడు, ఒక్కటీ శ్రుతిలో ఉండదు. మా అమ్మాయి దీన్ని ఎనిమిదేళ్ళుగా భరిస్తోంది.

గింజ గది తలుపు ఓరగా ఉంది. లోపల వాళ్ళ నాన్నతో మాట్లాడుతోంది. గొణగడం లేదు, దాచుకోవడం లేదు, వసపిట్టలా గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతోంది. నేను గోడకి ఆనుకుని నిలబడిపోయాను. బొమ్మకి కాలు నొప్పిట, చీమలకి బడి ఉండదట, అమ్మ ఎన్ని నిద్రలయ్యాక వస్తుందట. తర్వాత, అమ్మమ్మకి మాటలు చెప్పకూడదు నాన్నా, చూపించాలి, అంది. ఎంతో మామూలుగా అంది, నీళ్ళు తాగాలి అన్నట్టు.

నేను లోపలికి వెళ్ళగానే ఆపేసింది. నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి బొమ్మ కాలు చూపించింది. ఇప్పుడు వినపడుతుందే, చెప్పు అన్నాను. మిషన్ల వంక చూసి తల ఊపింది. నోరు మాత్రం విప్పలేదు.

నాకు చెవులొచ్చాయి. దానికి నా దగ్గర నోరు పోయింది. పోగొట్టింది నేనే.

జూన్ 26, గురువారం

గింజ ఇవాళా నా చెయ్యే లాగింది. కొత్త కడ్డీ వచ్చింది.

జూన్ 28, శనివారం

అమ్మాయి రేపు వస్తుంది. సెంటరువాళ్ళకి సోమవారం చెప్పాలి.

కడ్డీ ఇవాళ నేనూ అల్లుడూ కలిసి బిగించాలనుకున్నాం. సరిగ్గా సామాన్లు పరిచాక అతనికి ఫోను వచ్చింది. ఏదో ఆఫీసులో లిఫ్టు ఇరుక్కుందట, లోపల ముగ్గురున్నారట. సాయంత్రం చేద్దాం అత్తయ్యగారూ అని పరుగెత్తాడు. గింజా నేనూ మిగిలాం.

ఇది ఇద్దరి పని. కొత్త తాడుని కంతలోకి దూర్చి, పళ్ళు ముందుకు ఉండేలా నిలువుగా పట్టుకోవాలి. అప్పుడు ముందు ఇంకొకళ్ళు రేడియో ఆపాలి. రేడియో ఆపినప్పుడే మోటారు తాడుని లోపలికి లాక్కుంటుంది. ఆ పది సెకన్లలో చేతులు కదిలితే పళ్ళు పట్టవు.

గింజని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాను. రేడియో వేసి, శబ్దం పూర్తిగా తగ్గించి, మీట చూపించాను. నేను వెనక సిద్ధంగా ఉంటాను, నువ్వు మీట మీద వేలు పెట్టి ఆపనా అని అడుగు, నేను ఆపు అంటేనే ఆపాలి అని చెప్పాను. తల ఊపింది.

వెనక్కి వచ్చి తాడు దూర్చాను. రెండు చేతులతో కడ్డీ పట్టుకున్నాను. సీటు వీపు ఎత్తుగా ఉండడం వల్ల పిల్ల నాకు కనపడదు. నేను దానికి కనపడను. షెడ్డులో ఏ చప్పుడూ లేదు. సీటు తోలు కిర్రుమంటోంది. మడమలు సీటుకి తగులుతున్నాయి, టక్ టక్ అని. అడగడం లేదు.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, చేతులు లాగుతున్నాయి. అప్పుడు కారు తలుపు గడియ చప్పుడైంది. దిగి వచ్చి నా చెయ్యి పట్టుకుని లాగి అడుగుదామని.

"అక్కడే కూర్చో తల్లీ" అన్నాను, తల తిప్పకుండా. "అక్కణ్ణుంచే అడుగు. నాకు వినపడుతుంది."

గడియ మళ్ళీ పడింది. మడమల చప్పుడు ఆగింది.

"అమ్మమ్మా, ఆపనా?"

అరవలేదు. మామూలుగా అడిగింది. సన్నటి గొంతే గానీ చివర్లో కొంచెం జీర ఉంది. ఆ జీర నాకు తెలుసు. మా అమ్మది. నేను చిన్నప్పుడు బడినుంచి వస్తుంటే గుమ్మంలోంచి పిలిచే గొంతు. ఇన్ని గొంతులు గుర్తుపట్టినదాన్ని, ఐదేళ్ళుగా నా కుటుంబంలోనే ఉన్న గొంతుని ఇవాళ గుర్తుపట్టాను. నా కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"అమ్మమ్మా, ఆపనా?"

ముప్పై ఒక్క ఏళ్ళు ప్రతి పిలుపుకీ జవాబు చెప్పినదాన్ని, ఈ పిలుపుని మాత్రం వింటూ నిలబడిపోయాను.

"అమ్మమ్మా, వినపడుతోందా?"

"వినపడుతోంది" అన్నాను. "బాగా వినపడుతోంది. ఆపు."

మోటారు అరిచింది. నిజంగానే దారుణంగా అరుస్తుంది, పిల్ల చెవులు మూసుకుందంటే మూసుకోదూ మరి. తాడు నా చేతుల్లోంచి సర్రున లోపలికి పోయింది, దాని వెనక కడ్డీ ఒక్కొక్క మడతా దిగి, రేకు లోపలికి మునిగిపోయింది. గింజ దూకి పరుగెత్తుకొచ్చింది. అప్పటినుంచీ మాట్లాడుతూనే ఉంది. భోజనం దగ్గర మాట్లాడింది, నీళ్ళు తాగుతూ మాట్లాడింది, పొలమారి దగ్గుతూ కూడా మాట్లాడింది. రేడియో ఆపడం ఇంకెవరికీ రాదట, అందుకని తను రోజూ బడి అవగానే వచ్చి ఆపాలట. సెంటరు సంగతి నేను ఎత్తనే లేదు. రేపు వాళ్ళమ్మకి ఇదే చెబుతుందట, నన్ను పక్కన నిలబడమంది.

ఇప్పుడు నా కుర్చీ చేతి మీద కూర్చుని ఉంది. ఏం రాస్తున్నావని అడుగుతోంది. నీ మాటలే అన్నాను. అయితే ఇది కూడా రాయి అంటూ ఏదో మొదలుపెట్టింది. నేను రాయడం ఆపేస్తున్నాను, అది చెప్పేది వినాలి.